ఏ ఊరి వేదికైనా ఒకే ధ్వని: రాక్ గిటారిస్టు పర్యటన సామగ్రికి సమగ్ర మార్గదర్శి

పర్యటనకు బయలుదేరే గిటారిస్టులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఏ పెడల్ (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే పెట్టె) కొనాలన్నది. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. పాట మధ్యలో ఏదైనా ఒక పరికరం మూగబోతే, అర నిమిషంలో దానిని పక్కకు తప్పించి మిగిలిన పాటను పూర్తిచేయగలమా? ఈ ప్రశ్నకు అవునని చెప్పగలిగేలా కట్టుకున్న సామగ్రే పర్యటనకు పనికొస్తుంది. ఇంట్లో ఎంత గొప్పగా మోగినా, అలా కట్టుకోనిది పనికిరాదు.

రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఎనిమిది వరకు పెడళ్లు తీసుకొని ఊరూరా తిరుగుతూ, చాలాచోట్ల నిర్వాహకులు అద్దెకు తెచ్చిన యాంప్‌తో (యాంప్లిఫయర్‌తో) వాయించే గిటారిస్టును దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని రాస్తున్నాను. మన దగ్గర కళాశాల ఉత్సవాల్లో, హోటళ్ల వేదికలపై వాయించే బృందాలలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. ఇక్కడ ఇచ్చిన వరుసలోనే పని చేయండి, ఎందుకంటే గిటార్ సరిగా లేకుండా పెడళ్లను సవరిస్తే ఆ పని అంతా మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.

1. పాటల జాబితాతో మొదలుపెట్టండి

ఒక కాగితంపై పాటలన్నీ వాయించే వరుసలో రాయండి. ప్రతి పాట పక్కన మూడు విషయాలు చేర్చండి: శ్రుతి, కావలసిన ధ్వనులు, లయ వేగం.

ఇలా రాసి చూస్తే పద్నాలుగు పాటలకు కూడా ధ్వనులు ఐదుకు మించవని తేలుతుంది. శుభ్రమైన ధ్వని, కొంచెం పగిలిన, అంటే తేలికగా గరుకెక్కిన ధ్వని, గట్టి డిస్టార్షన్, అంటే బాగా గరుకెక్కిన ధ్వని, సోలో కోసం పెంచిన ధ్వని, డిలేతో, అంటే ప్రతిధ్వనితో కూడిన ధ్వని. ఈ ఐదింటికి అవసరం లేని పెడల్ ఎంత ఇష్టమైనదైనా ఇంట్లోనే ఉండాలి.

అర స్వరం దించి వాయించే పాటలుంటే వాటన్నింటినీ ఒకచోటికి చేర్చండి. పాటకూ పాటకూ మధ్య గిటార్ మార్చడం, శ్రుతి మార్చడం ఎంత తగ్గితే అంత మంచిది.

2. రెండు గిటార్లను ఎంచుకోవడం

రెండో గిటార్ అలంకారం కాదు. మొదటిదానిలో తీగ తెగిన క్షణంలో అందుకొని అదే పాటను అదే శ్రుతిలో కొనసాగించడానికి అది ఉంది.

స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌లో తీగ మోగే పొడవు 25.5 అంగుళాలు, లెస్ పాల్ తరహాలో దాదాపు 24.75 అంగుళాలు. ఒకే మందం తీగలు వేసినా రెండోదానిలో బిగువు తక్కువగా ఉంటుంది, వేళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైన తేడా తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లది. సింగిల్ కాయిల్ పికప్‌లు చుట్టుపక్కల విద్యుత్ మోతను పట్టుకుంటాయి, హంబకర్లు దానిని చాలావరకు రద్దు చేస్తాయి, పైగా ఎక్కువ బలమైన సంకేతం ఇస్తాయి. ఒకటి సింగిల్ కాయిల్, ఒకటి హంబకర్ తీసుకెళ్తే, గిటార్ మారినప్పుడల్లా డిస్టార్షన్ మోతాదు మారిపోతుంది. హంబకర్‌ను తీగల నుంచి కొద్దికొద్దిగా కిందికి దించుతూ రెండింటి స్థాయిని దగ్గరకు తీసుకురండి.

సింగిల్ కాయిల్‌కు చివరి మెట్టు (ఫ్రెట్) దగ్గర తీగను నొక్కి కొలిచినప్పుడు లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6 మి.మీ. దూరం మంచి ఆరంభం. మరీ దగ్గరగా ఉంచితే అయస్కాంతం తీగను లాగుతుంది, పై మెట్ల దగ్గర స్వరం వణికినట్టు, శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది.

గాలిలో తేలే ట్రెమోలో బ్రిడ్జ్ (తీగలు ఆనే, స్ప్రింగులపై కదిలే దిమ్మ) ఉన్న గిటార్‌లో ఒక్క తీగ తెగితే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి. అందుకే కనీసం ఒక గిటార్‌కు స్థిరమైన బ్రిడ్జ్ ఉండాలని నా గట్టి సలహా. లేకపోతే ట్రెమోలో దిమ్మ వెనుక చిన్న చెక్క ముక్క పెట్టి బిగించండి.

3. గిటార్ సెటప్: ఈ వరుస తప్పవద్దు

ప్రయాణానికి పది రోజుల ముందు ఈ పని పూర్తికావాలి. చెక్క మార్పులకు సర్దుకోవడానికి సమయం పడుతుంది, ఆఖరి రోజున మెడను కదిలిస్తే మూడో రోజు వేదికపై అది ఇంకెక్కడో ఉంటుంది.

మొదట కొత్త తీగలు వేయండి. పర్యటనలో వాడబోయే మందమే వేయాలి, 10 నుంచి 46 సెట్టుతో (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) తిరుగుతారనుకుంటే ఆ సెట్టే. బిరడా చుట్టూ సన్న తీగలకు మూడు చుట్లు, లావు తీగలకు రెండు చుట్లు చాలు, ఒకదాని కింద ఒకటి వచ్చేలా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా. తర్వాత పన్నెండో మెట్టు దగ్గర తీగను రెండు వేళ్లతో పట్టుకొని మెల్లగా పైకి లాగి వదలండి. శ్రుతి అర స్వరం దాకా జారుతుంది. మళ్లీ శ్రుతి చేసి మళ్లీ లాగండి. లాగినా జారని స్థితి వచ్చేవరకు, సాధారణంగా నాలుగైదు సార్లు, ఇలాగే చేయాలి. కొత్త తీగలు శ్రుతి నిలవడం లేదని చెప్పేవారిలో ఎక్కువమంది వదిలేసిన దశ ఇదే.

రెండోది మెడ వంపు. మొదటి మెట్టుపై కేపో (తీగలన్నింటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి మెట్టు దగ్గర లావు తీగను నొక్కి, ఎనిమిదో మెట్టుకూ తీగకూ మధ్య ఖాళీని చూడండి. మామూలు విజిటింగ్ కార్డు మందం, అంటే 0.25 మి.మీ. దగ్గరగా ఉంటే సరి. ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) గడియారపు ముల్లు తిరిగే దిశలో బిగించాలి, ఖాళీ అసలు లేకపోతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పవద్దు. బలం పెట్టాల్సి వస్తే అక్కడే ఆపి పనివారికి చూపించండి.

మూడోది తీగల ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర సన్న తీగ కింద 1.5 మి.మీ., లావు తీగ కింద 2 మి.మీ. ఉంటే వేదికపై గట్టిగా మీటినా తీగ మెట్లకు తగిలి గరగరమనదు. ఇంట్లో కూర్చొని వాయించడానికి బాగుండే ఎత్తు వేదికకు కొంచెం తక్కువే అవుతుంది, ఎందుకంటే డ్రమ్స్ పక్కన నిలబడితే ఎవరి చెయ్యైనా బరువెక్కుతుంది.

చివరిది ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా ప్రతి మెట్టుపై శ్రుతి సరిగా ఉండటం. పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా తాకి పలికించే హార్మోనిక్ స్వరాన్ని, అదే మెట్టును నొక్కిన స్వరాన్ని ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే బ్రిడ్జ్ మీద ఆ తీగ కూర్చున్న శాడిల్‌ను వెనక్కి జరపాలి, తక్కువగా ఉంటే మెడ వైపుకు జరపాలి. వీణకు మెట్లు వేసేవారు మైనంపై మెట్లను జరిపి సాధించేదాన్ని ఇక్కడ శాడిల్ జరిపి సాధిస్తాం.

విశాఖపట్నం తేమలో ఒక రాత్రి, హైదరాబాదు ఎండాకాలపు పొడిలో మరో రాత్రి గడిపితే మెడ కొంచెం కదలడం సహజం. ట్రస్ రాడ్ తాళంచెవి సంచిలో ఉండాలి కానీ, అవసరం స్పష్టంగా కనిపిస్తే తప్ప వాడకూడదు. సముద్రతీరపు ఊళ్లలో చెమటకూ ఉప్పుగాలికీ తీగలు త్వరగా తుప్పు పడతాయి, అక్కడ ప్రతి ప్రదర్శనకూ కొత్త సెట్టు వేయండి. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడుల్లో పెన్సిల్ ములుకు రుద్దితే తీగ పట్టేయకుండా జారుతుంది.

4. యాంప్: మీ ధ్వని ఎక్కడ పుడుతుందో ముందే నిర్ణయించుకోండి

రాక్ గిటారిస్టుల సామగ్రిని చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. డేవిడ్ గిల్‌మర్ దారిలో 100 వాట్ల హైవాట్ యాంప్ శుభ్రంగా, గట్టిగా మోగుతుంది, రంగులన్నీ పెడళ్ల నుంచి వస్తాయి. బ్రయన్ మే దారిలో వాక్స్ ఏసీ30 యాంప్ ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే పరికరం) తోపుతో దానంతట అదే పగులుతుంది, శుభ్రమైన ధ్వని కావాలంటే గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తారు.

రెండూ గొప్ప దారులే. అయితే ప్రతి ఊళ్లో వేరే యాంప్ ఎదురయ్యేవారు మొదటి దారినే పట్టాలి. యాంప్ పగిలే తీరు ఒక్కో యాంప్‌కు ఒక్కో విధంగా ఉంటుంది, కానీ శుభ్రంగా మోగించినప్పుడు వాటి మధ్య తేడా చాలా తగ్గుతుంది. రోలాండ్ జేసీ-120, ఫెండర్ ట్విన్ రివర్బ్ రెండూ గట్టి స్థాయిలోనూ శుభ్రంగా ఉంటాయి, అద్దె సామగ్రిలోనూ తరచుగా కనిపిస్తాయి. మీ డిస్టార్షన్ పెడళ్లను అలాంటి యాంప్‌తో సాధన గదిలో సరిచూసుకుంటే మిగతా పని తేలికవుతుంది.

నిర్వాహకులకు పంపే సామగ్రి పట్టికలో "మంచి గిటార్ యాంప్ కావాలి" అని రాస్తే ఏదో ఒకటి వస్తుంది. ఇలా రాయండి:

- ఫెండర్ ట్విన్ రివర్బ్ ఒకటి, లేనిచో రోలాండ్ జేసీ-120 ఒకటి
- యాంప్‌ను నిలబెట్టే వాలు స్టాండు ఒకటి
- యాంప్ ముందు షూర్ ఎస్‌ఎం57 మైకు, చిన్న స్టాండుతో
- గిటారిస్టు నిలబడే చోట ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్లు నాలుగు
- గిటార్ స్టాండ్లు రెండు

సొంత వాల్వ్ యాంప్ (గాజు వాల్వులతో పనిచేసే యాంప్) తీసుకెళ్లేవారు ఈ నాలుగు నియమాలను తలుపు మీద రాసుకున్నట్టు గుర్తుంచుకోవాలి.

- స్పీకర్ కలపకుండా వాల్వ్ యాంప్‌ను ఎప్పుడూ ఆన్ చేయవద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.
- యాంప్ వెనుక ఓమ్‌ల (విద్యుత్ నిరోధపు) మీట క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) ఓమ్‌లకు సరిపోవాలి. 16 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు సమాంతరంగా కలిపితే మొత్తం 8 ఓమ్‌లు అవుతుంది.
- యాంప్‌కూ క్యాబినెట్‌కూ మధ్య స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ చూడటానికి అలాగే ఉన్నా లోపలి తీగ సన్నం, వేడెక్కి తెగిపోతుంది.
- ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. చాసీని (లోపలి లోహపు పెట్టెను) విప్పవద్దు.

మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ కొన్న వాల్వ్ యాంప్‌లలో చాలావాటికి 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే ఉంటుంది, ఇక్కడి సాకెట్‌లో నేరుగా పెడితే పాడవుతాయి. వోల్టేజీని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు యాంప్ ధ్వని వాట్లను కాకుండా, వెనుక పలకపై విద్యుత్ వినియోగంగా ముద్రించిన వాట్లను చూసి, దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. అమెరికాలోని తెలుగు సంఘాల సభలకు ఇక్కడి నుంచి వెళ్లే బృందాలు యాంప్‌ను అక్కడే అద్దెకు తీసుకొని పెడల్‌బోర్డు మాత్రం వెంట తీసుకెళ్లడం అన్నివిధాలా మేలు.

యాంప్ ధ్వనిని అనుకరించే కెంపర్, లైన్ 6 హీలిక్స్, ఫ్రాక్టల్ వంటి మోడలర్లు వాడేవారికి యాంప్ చింత తప్పుతుంది, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో (మైకులకు వాడే మూడు పిన్నుల కేబుల్) నేరుగా మిక్సర్‌కు పంపవచ్చు. అయితే రెండు జాగ్రత్తలు. మిక్సర్‌కు వెళ్లే దారిలో క్యాబినెట్ అనుకరణ ఆన్‌లో ఉండాలి, గిటార్ యాంప్‌కు వెళ్లే దారిలో అది ఆఫ్‌లో ఉండాలి. ప్రీసెట్లను హెడ్‌ఫోన్స్‌లో తయారుచేసి అలాగే తీసుకెళ్లవద్దు, ఒక్కసారైనా పెద్ద స్పీకర్‌లో, బృందంతో కలిపి సరిచేసుకోండి.

5. పెడళ్ల వరుస

గిటార్ నుంచి యాంప్ వైపుకు నడిచే క్రమం ఇది. దీనికి మినహాయింపులున్నాయి కానీ, మొదటి పర్యటనకు ఇలాగే కట్టండి.

- ఫజ్ (ధ్వనిని బాగా మొరటుగా చేసేది) ఉంటే అన్నిటికంటే ముందు
- ట్యూనర్
- వా పెడల్ (పాదం కదిపితే "వా వా" అనిపించేది)
- కంప్రెసర్ (గట్టి, మెత్తని స్వరాల తేడాను తగ్గించేది)
- ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి డిస్టార్షన్), దాని తర్వాత డిస్టార్షన్
- కోరస్, ఫేజర్ వంటివి (ధ్వనిని అలలా కదిలించేవి)
- వాల్యూమ్ పెడల్ లేదా సోలో బూస్ట్
- డిలే
- రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు చేసేది)

ఫజ్ ముందెందుకంటే, పాత తరహా ఫజ్ పెడళ్లు గిటార్ పికప్‌తో నేరుగా కలిసినప్పుడే సరిగా పలుకుతాయి. మధ్యలో బఫర్ (సంకేతాన్ని బలంగా నిలిపే సర్క్యూట్) ఉంటే ధ్వని పలచబడి కీచుమంటుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. ఫజ్ లేనివారికి మొదటి పెడల్‌లో బఫర్ ఉండటమే మంచిది. పొడవైన కేబుల్ దానంతట అదే పై స్వరాల మెరుపును తినేస్తుంది, గిటార్ నుంచి బోర్డుకు ఆరు మీటర్లు, బోర్డు నుంచి యాంప్‌కు మరో ఆరు మీటర్లు కలిపితే ఆ నష్టం చెవికి తెలుస్తుంది. బఫర్ దీనిని ఆపుతుంది.

డిస్టార్షన్ యాంప్ నుంచే తీసుకునేవారు కోరస్, డిలే, రివర్బ్‌లను యాంప్ వెనుక ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీయాంప్, అంటే ధ్వనికి రంగు ఇచ్చే మొదటి భాగం తర్వాత పెడళ్లను కలిపే జాక్‌లలో) కలపాలి. పగిలే ప్రీయాంప్ ముందు డిలే పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి బురదలా అవుతాయి. శుభ్రమైన యాంప్‌తో తిరిగేవారికి ఈ లూప్ అవసరం లేదు, పెడళ్లన్నీ ముందే ఉంటాయి, కేబుళ్లు రెండు తగ్గుతాయి.

ఓవర్‌డ్రైవ్ గురించి ఒక మాట. ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మధ్య స్థాయిలను పెంచి, అడుగు స్థాయిలను తగ్గిస్తుంది. ఇంట్లో ఒంటరిగా వింటే అది ముక్కుతో పాడినట్టుంటుంది, బేస్ గిటార్, డ్రమ్స్ మోగుతున్నప్పుడు మాత్రం ఆ మధ్య స్థాయే గిటార్‌ను ముందుకు తెస్తుంది. ఇంట్లో తక్కువ ధ్వనితో సవరించేవారు సహజంగానే బేస్ (అడుగు స్థాయి), ట్రెబుల్ (పై స్థాయి) పెంచి మిడ్ (మధ్య స్థాయి) తగ్గిస్తారు, ఎందుకంటే చిన్న ధ్వనిలో మన చెవికి ఆ రెండు చివరలూ తక్కువగా వినిపిస్తాయి. వేదికపై అదే అమరిక బేస్ గిటార్‌లో కలిసిపోయి, డ్రమ్స్ సింబల్స్‌ను చీల్చుకుంటూ కర్ణకఠోరంగా వస్తుంది, స్వరం మాత్రం వినిపించదు. మీ డిస్టార్షన్ పెడల్‌లో మిడ్ ఇంట్లో మీకు నచ్చినదానికంటే కొంచెం ఎక్కువే ఉంచండి, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) కొంచెం తక్కువే ఉంచండి.

సోలో బూస్ట్ డిస్టార్షన్ తర్వాత ఉండాలి. ముందు పెడితే ధ్వని స్థాయి పెరగదు, డిస్టార్షన్ మోతాదు మాత్రమే పెరుగుతుంది. అందరూ కలిసి వాయిస్తుండగా బూస్ట్ నొక్కి, సోలో స్పష్టంగా పైకి వచ్చేంత మాత్రమే పెంచండి, 4 నుంచి 6 డెసిబెల్స్ సరిపోతుంది.

డిలే సమయాన్ని చెవితో కాకుండా లెక్కతో పెట్టుకోండి. 60,000ను నిమిషానికి లయ వేగంతో భాగిస్తే ఒక దెబ్బకు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. దానిలో ముప్పావు వంతు తీసుకుంటే యూ2 బృందపు గిటారిస్టు ది ఎడ్జ్ ప్రసిద్ధం చేసిన పరుగెత్తే డిలే వస్తుంది.

- వేగం 96: ఒక దెబ్బ 625, ముప్పావు 469
- వేగం 120: ఒక దెబ్బ 500, ముప్పావు 375
- వేగం 140: ఒక దెబ్బ 429, ముప్పావు 321

డ్రమ్మర్ చెవిలో క్లిక్ (లయ చెప్పే టక్‌టక్ ధ్వని) లేకపోతే ఈ అంకెలు ఎక్కువసేపు నిలవవు, అప్పుడు కాలితో నొక్కి లయ ఇచ్చే మీట ఉన్న డిలే తప్పనిసరి.

6. పెడళ్లకు కరెంటు

బోర్డు సమస్యల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా అన్ని పెడళ్లకూ కరెంటు ఇస్తే, డిజిటల్ పెడళ్ల నుంచి వచ్చే సన్నటి కీచు ధ్వని డిస్టార్షన్‌లోకి చేరి పదింతలవుతుంది. ప్రతి అవుట్‌లెట్ విడిగా ఐసొలేట్ చేసిన (మిగతావాటితో కలవకుండా వేరుచేసిన) పవర్ సప్లై కొనండి. కొత్త పెడల్ కోసం దాచిన డబ్బు ఉంటే ముందు దీనికే పెట్టండి.

కలిపే ముందు ప్రతి పెడల్‌పై మూడు చూడాలి: వోల్టులు, ధ్రువం, మిల్లీఆంపియర్లు. ఎక్కువ పెడళ్లకు 9 వోల్టుల డీసీ, మధ్య పిన్ను నెగెటివ్. కొన్ని పాత తరహా జెర్మేనియం ఫజ్‌లకు పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది, అంటే ధ్రువాలు తారుమారుగా ఉంటాయి, వాటికి బ్యాటరీ వాడటమే క్షేమం. అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కు 20 మిల్లీఆంపియర్ల లోపు చాలు, డిజిటల్ డిలే, రివర్బ్‌లకు 300 వరకు కావచ్చు, పెద్ద మోడలర్లకు అంతకు మించి కావాలి. అవుట్‌లెట్ మిల్లీఆంపియర్లు పెడల్ అవసరానికి ఎక్కువగా ఉండవచ్చు, తక్కువగా ఉండకూడదు. వోల్టులు మాత్రం పెడల్‌పై రాసినంతే ఉండాలి.

7. బోర్డు కట్టడం

తరచుగా నొక్కే పెడళ్లు కింది వరుసలో, ఒకసారి పెట్టి వదిలేసేవి పై వరుసలో ఉంచండి. పెడళ్లను ఒకదానితో ఒకటి కలిపే ప్యాచ్ కేబుళ్లను అవసరానికి రెండు అంగుళాలు ఎక్కువ పొడవుతో వేయండి. బిగుతుగా లాగి కట్టిన కేబుల్ వ్యాన్ కుదుపులకు జాక్ దగ్గర తెగుతుంది.

కట్టిన తర్వాత యాంప్‌ను మామూలు స్థాయిలో ఉంచి, ఒక్కో ప్లగ్గును వేలితో అటూ ఇటూ కదపండి. చిటపటమంటే ఆ కేబుల్‌ను అక్కడికక్కడే తీసి చెత్తబుట్టలో వేయండి, తర్వాత బాగుచేద్దామని సంచిలో పెడితే అదే మళ్లీ చేతికి వస్తుంది. పెడళ్ల మీటల స్థానాలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి, సన్నటి టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి.

8. వేదికపై ఎర్త్ పరీక్ష: దీనిని ఎన్నడూ దాటవేయవద్దు

ఒక కోస్తా పట్టణంలో వాన వెలిసిన సాయంత్రం సౌండ్ చెక్ చేస్తున్నాం. మా గాయకుడు గిటార్ తీగలపై చెయ్యి ఉంచి మైకు దగ్గరకు వెళ్లగానే పెదవి చురుక్కుమని వెనక్కి దూకాడు. మల్టీమీటర్ ఒక మొన తీగకు, మరో మొన మైకు జాలీకి తాకిస్తే 90 వోల్టుల పైన చూపింది. కరెంటు తీగ వెంట నడిచి వేదిక వెనుక పంపిణీ పెట్టె తెరిచి చూస్తే, మా వైపు లైను ఆకుపచ్చ ఎర్త్ తీగను ఎక్కడా కలపలేదు, వెనక్కి మడిచి నల్ల టేపు చుట్టి వదిలేశారు. దానిని కలిపిన తర్వాత అదే కొలత సున్నాకు వచ్చింది. అప్పటి నుంచి మల్టీమీటర్ లేకుండా నేను ఇల్లు కదలలేదు.

గిటార్ తీగలు యాంప్ ఎర్త్‌కు, మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. రెండింటిలో ఒకటి తెగి ఉంటే మీ శరీరమే ఆ రెండింటినీ కలిపే తీగ అవుతుంది. అందుకే దేనినీ ప్లగ్గులో పెట్టకముందే కింది మొదటి మూడు కొలతలు తీసుకోండి. మీటర్‌ను ఏసీ 750 వోల్టుల స్థానంలో ఉంచి, మొనల లోహపు భాగానికి వేళ్లు తగలకుండా పట్టుకోండి. ఎర్త్ రంధ్రం పైన ఉండేలా సాకెట్‌ను ఎదురుగా చూస్తే ఫేజ్ కుడివైపున, న్యూట్రల్ ఎడమవైపున ఉండాలి.

- ఫేజ్ నుంచి న్యూట్రల్‌కు: 207 నుంచి 253 వోల్టుల మధ్య
- ఫేజ్ నుంచి ఎర్త్‌కు: దాదాపు అంతే
- న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు: రెండు మూడు వోల్టుల లోపు
- అన్నీ ఆన్ చేశాక గిటార్ తీగ నుంచి మైకు జాలీకి: సున్నా దగ్గర

రెండో కొలత బాగా తక్కువగా వస్తే ఎర్త్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సరిచేయించే వరకు వాయించవద్దు, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. యాంప్‌నూ మిక్సర్‌నూ ఒకే పంపిణీ పెట్టె నుంచి, ఒకే ఎర్త్ నుంచి తీసుకోమని అడగండి. ఆ పెట్టెలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్) ఉండాలని సామగ్రి పట్టికలోనే రాయండి.

గుయ్యిమనే మోతను ఆపడానికి యాంప్ ప్లగ్గు ఎర్త్ పిన్నును విరగ్గొట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. మోత ఆగుతుంది, దానితోపాటు ప్రాణానికి ఉన్న రక్షణా పోతుంది. మిక్సర్‌కు వెళ్లే దారిలో మోత ఉంటే డీఐ పెట్టెపై (సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె) ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. అది ధ్వని కేబుల్ కవచాన్ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు.

9. సౌండ్ చెక్ పావుగంటలో

- యాంప్‌లో బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో పెట్టి, పెడళ్లన్నీ ఆపి శుభ్రమైన ధ్వనితో మొదలుపెట్టండి.
- యాంప్‌ను వాలుగా నిలబెట్టండి. మోకాలి వెనుక మోగే యాంప్ మీకు వినిపించదు, ముందు వరుసవారిని మాత్రం బాధిస్తుంది.
- మైకును స్పీకర్ మధ్య టోపీ అంచు వద్ద ఉంచమనండి. మధ్యకు జరిపితే పదును పెరుగుతుంది, స్పీకర్ అంచు వైపుకు జరిపితే మెత్తబడుతుంది.
- ధ్వని నచ్చకపోతే మొదట యాంప్ మీటలు తిప్పండి. పెడళ్ల మీటలను కదపవద్దు.
- అత్యంత గట్టి పాటలో ఒక ముక్క, సోలో బూస్ట్, తర్వాత అత్యంత మెత్తని ముక్క వాయించి, సౌండ్ ఇంజినీర్‌కు ఈ మూడు స్థాయిలూ వినిపించండి.

వైర్‌లెస్ వాడేవారు సభ నిండాక పరిస్థితి మారుతుందని గుర్తుంచుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు ప్రేక్షకుల ఫోన్లు, వైఫైలతో అదే గాలిని పంచుకుంటాయి. రిసీవర్ మీకు అడ్డులేకుండా కనిపించే చోట ఉండాలి, మామూలు కేబుల్ ఒకటి బోర్డు పక్కనే చుట్టి సిద్ధంగా ఉండాలి. అమెరికా వెళ్లేవారు 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ పరికరాలు తీసుకెళ్లవద్దు, 2020 జులై నుంచి ఆ బ్యాండ్‌లో ఎక్కువ భాగం అక్కడ వైర్‌లెస్ మైకులకు నిషిద్ధం.

10. పాట మధ్యలో ధ్వని ఆగిపోతే

ముందు గిటార్ వాల్యూమ్, తర్వాత ట్యూనర్ మీట చూడండి, ట్యూనర్ ఆన్‌లో ఉంటే ధ్వని రాదు. ఆ రెండూ సరిగా ఉంటే బోర్డు మీద వెతకవద్దు. బోర్డులోకి వెళ్తున్న గిటార్ కేబుల్‌ను పీకి, ముందే సిద్ధంగా ఉంచిన పొడవైన కేబుల్‌తో గిటార్‌ను నేరుగా యాంప్‌లో పెట్టండి. ధ్వని వస్తే తప్పు బోర్డులో ఉంది, ఆ పాటను అలాగే పూర్తిచేసి, పాటల మధ్య విరామంలో బోర్డును సగానికి విడదీసి ఏ సగంలో తప్పుందో చూసుకోండి. మళ్లీ ఆ సగాన్ని సగం చేయండి. ఎనిమిది పెడళ్లలో తప్పు మూడు పరీక్షల్లో దొరుకుతుంది.

మిగతా సాధారణ సమస్యలు:

- తీగలను ముట్టుకుంటే మోత తగ్గుతుంది: మామూలే. ముట్టుకుంటే పెరుగుతోంది: గిటార్ లోపల గ్రౌండ్ తీగ లేదా జాక్ తప్పుగా ఉంది.
- లైట్ల వెలుగు తగ్గించినప్పుడల్లా బుర్రుమంటోంది: డిమ్మర్ల నుంచి వస్తోంది. లైట్లకూ ధ్వనికీ వేరే లైన్లు అడగండి, అది కుదరకపోతే హంబకర్ గిటార్ తీసుకోండి.
- వాల్వ్ యాంప్ ధ్వని తగ్గి ఫ్యూజ్ పోయింది: అంతే విలువ, అదే రకం ఫ్యూజ్ ఒక్కసారి మార్చి చూడండి. అదీ పోతే యాంప్ పక్కన పెట్టి, గిటార్‌ను మోడలర్ లేదా స్పీకర్ అనుకరణ ఉన్న పెడల్ ద్వారా మిక్సర్‌కు పంపండి. ఎక్కువ విలువ ఫ్యూజ్ వేయడం అగ్నిప్రమాదానికి దారి.

11. ప్రయాణం, సంచి

విమానంలో గిటార్ గట్టి పెట్టెలో వెళ్లాలి. పెట్టెలో తల భాగం గాలిలో తేలకుండా దాని కిందా పక్కలా మెత్తని బట్ట కూరండి, మెడ విరిగేది ఎక్కువగా అక్కడే. చెకిన్ సామాను ఒక్కో పెట్టె 32 కిలోలు మించకూడదు కాబట్టి బోర్డును తూచి చూసుకోండి. విడి లిథియం బ్యాటరీలు చెకిన్‌లో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

విదేశాలకు సామగ్రి తీసుకెళ్లి తిరిగి తెచ్చేవారికి ఏటీఏ కార్నే అనే పత్రం కస్టమ్స్ సుంకాల బెడద తప్పిస్తుంది, మన దేశంలో దానిని ఫిక్కీ (వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య) జారీ చేస్తుంది. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు ఉన్న గిటార్లకు 2017లో వచ్చిన అనుమతి నిబంధన నుంచి 2019 చివర్లో తయారైన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు, అలాంటి పాత గిటార్‌ను ఇంట్లో ఉంచండి.

చేతి సంచిలో ఉండవలసినవి:

- తీగల సెట్లు నాలుగు, విడిగా ఒకటో తీగలు, నాలుగో తీగలు కొన్ని
- తీగలు కత్తిరించే కట్టర్, బిరడా తిప్పే సాధనం
- ట్రస్ రాడ్, శాడిల్ తాళంచెవులు
- గిటార్ కేబుళ్లు రెండు, ప్యాచ్ కేబుళ్లు మూడు
- మల్టీమీటర్, చిన్న టార్చి
- ఫ్యూజులు, 9 వోల్టుల బ్యాటరీలు రెండు
- తీగలు మీటే ప్లెక్ట్రమ్‌లు, నల్ల టేపు, సన్న తెల్ల టేపు
- వెళ్లే దేశానికి తగిన ప్లగ్గు మార్పిడి ముక్కలు
- పాటల జాబితా, పెడళ్ల ఫొటోల అచ్చు ప్రతి

ఈ సంచి ప్రదర్శన ముగిసేవరకు యాంప్ వెనుక, చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి. మిగతా సామానుతో కలిపి వ్యాన్‌లో వదలవద్దు.